ముద్ర లేని పాత ఓక్ కుర్చీ: ఎవరు చేశారో తేల్చడం ఎలా?

ప్రశ్న:
వీపు వాలు మార్చుకునే చేతుల కుర్చీ. 20వ శతాబ్దం తొలినాళ్ల అమెరికన్ మిషన్ శైలిలో (నిటారు గీతల, నగిషీ లేని ఓక్ సామాను) ఉంది. ఒక్కో చేతి కింద ఐదు నిలువు పట్టీలు, వాలు సర్దడానికి వెనక చెక్క మేకులు. ముందు కాళ్ల కొసలు చేతుల పైకి పొడుచుకొచ్చి కనిపిస్తాయి. కాళ్లకు నాలుగు వైపులా ఓక్ మెరుపు చారలున్నాయి. లేబుల్ ఎక్కడా లేదు. వెనక కింది అడ్డకమ్మీ మీద మాత్రం చిన్న దీర్ఘచతురస్రం మేర రంగు లేతగా ఉంది, దాని రెండు చివర్లా సన్నటి మేకుల రంధ్రాలు. ఇది ఆ కాలంలో ఈ శైలికి పేరుపడ్డ స్టిక్లీ అన్నదమ్ముల కుర్చీయేనా? పాలిష్ గీకితే కింద ముద్ర ఏమైనా దొరుకుతుందా?

జవాబు 1:
దయచేసి గీకకండి. డెకాల్ ముద్ర, అంటే చెక్క మీద అంటించే బొమ్మ, పాలిష్ అంత పలుచగా ఉంటుంది. శాండ్‌పేపర్ నాలుగుసార్లు ఆడితే ముద్రా పోతుంది, పాత పాలిషూ పోతుంది. పొడి మెత్తటి బట్టతో దుమ్ము తుడిచి, చీకటి గదిలో టార్చిని చెక్కకు ఆనించినంత ఏటవాలుగా పట్టి చూడండి. కాల్చి వేసిన ముద్ర అరిగిపోయినా దాని గుంట నీడలో తేలుతుంది. వెనక కాళ్ల లోపలి వైపు, చేతుల అడుగు, సీటు చట్రం లోపలి ముఖం తప్పకుండా వెతకండి.

"స్టిక్లీ" అన్నంత మాత్రాన తేలదు. అన్నదమ్ములు వేర్వేరు కంపెనీలు నడిపారు. న్యూయార్క్ రాష్ట్రంలో సిరక్యూస్ దగ్గర ఈస్ట్‌వుడ్‌లో గుస్తావ్ స్టిక్లీది. వడ్రంగి కంపాస్ బొమ్మ, అందులో "ఆల్స్ ఇక్ కాన్" (నాకు చేతనైనంత) అన్న మాటలు అతని ముద్ర. మొదట్లో ఎర్ర డెకాల్, తర్వాత కాల్చిన ముద్ర. అదే రాష్ట్రంలోని ఫేయెట్‌విల్‌లో ఎల్. అండ్ జె.జి. (లియోపోల్డ్, జాన్ జార్జ్) వాళ్లది, 1906 నుంచి 1912 దాకా "హ్యాండ్‌క్రాఫ్ట్" అని వడ్రంగి బిగింపు కర్ర (క్లాంప్) ఆకారంలో డెకాల్ వేశారు. మిషిగన్‌లోని గ్రాండ్ రాపిడ్స్‌లో స్టిక్లీ బ్రదర్స్. వాళ్ల "క్వెయింట్" సరుకుకు లోహపు బిళ్ల ఉండేది. మీ రంధ్రాలు చూస్తే అనుమానం ముందు అటే పోతుంది. అయితే అమ్మిన దుకాణాలూ బిళ్లలు కొట్టేవి కాబట్టి దాన్ని రుజువుగా తీసుకోకూడదు.

జవాబు 2:
బిళ్ల జాడకన్నా మీరు మాటవరసకు రాసిన ఇంకో సంగతి విలువైనది: కాళ్లకు నాలుగు వైపులా మెరుపు చారలు. దుంగ నడిబొడ్డు నుంచి బెరడు వైపుకు కోసిన ముఖం మీదే ఆ చారలు బాగా కనిపిస్తాయి. ఒకే చెక్కతో చేసిన కాలికి ఎదురెదురు రెండు వైపుల్లోనే అవి పడతాయి, పక్క రెండు వైపులూ మామూలు గీతలే. నాలుగు వైపులా ఉన్నాయంటే ఆ కాలు అతికి చేసినదే. గుస్తావ్ పనివాళ్లు తరచూ చారలు లేని వైపుల మీద పలుచటి పొర అంటించేవారు. అంచు వెంబడి సన్నటి అతుకు గీత పట్టుకోవచ్చు. ఎల్. అండ్ జె.జి. వాళ్లు నడుమ చిన్న చదరపు కర్ర పెట్టి, చుట్టూ నాలుగు పలకలు మూలల్లో ఒకదానికొకటి పట్టుకునేలా బిగించేవారు.

కుర్చీని దుప్పటి మీద బోర్లించి కాలి అడుగు చూడండి. అలాగే చేతి మీద కనిపించే కొసను భూతద్దంతో పరీక్షించండి. అక్కడ చెక్క రంధ్రాలు చుక్కలుగా కనపడాలి. పొడుగాటి గీతలు కనిపిస్తే అది పైన అంటించిన నకిలీ ముక్క, చవక సరుకు లక్షణం.

ప్రశ్న అడిగినవారు:
చూశాను. కాలి అడుగున నడుమ చిన్న చదరం, చుట్టూ నాలుగు ముక్కలు, మూలల్లో ఏటవాలు అతుకులు. చేతి మీది కొసలో చుక్కలే ఉన్నాయి.

జవాబు 2:
అయితే ఎల్. అండ్ జె.జి. వైపు గట్టిగా మొగ్గుతోంది. కానీ తొందరపడకండి. ఆ కంపెనీ 1974లో చేతులు మారింది, 1989లో పాత మిషన్ నమూనాలను మళ్లీ తయారు చేయడం మొదలుపెట్టింది, కాళ్లను ఇదే పద్ధతిలో కట్టింది. అతుకు చూసి కంపెనీ చెప్పగలం, కాలం చెప్పలేం. కాలానికి వేరే గుర్తులు కావాలి. మొదటి నుంచీ ఉన్న స్క్రూల తలపై కూడిక గుర్తు గాడి ఉంటే అవి 1930ల మధ్యకాలం తర్వాతివే. సీటు అడుగున పాలిష్ పడని చెక్క ఎండి గోధుమ రంగుకు తిరిగి, స్క్రూల చుట్టూ నల్లటి మచ్చ కట్టి ఉండాలి. ఓక్‌లోని టానిన్ అనే వగరు పదార్థం ఇనుముతో కలిసినప్పుడు వచ్చే నలుపు అది. అతుకుల్లో అడ్డంగా కొట్టిన చెక్క మేకుల తలలు వేలికి కాస్త ఎత్తుగా తగలాలి. చుట్టూ ఉన్న చెక్క అడ్డంగా కుంచించుకుంటుంది, మేకు నిలువులో కుంచించుకోదు. అన్నీ నున్నగా సమంగా ఉంటే ఎవరో బాగా సాన పట్టారు, లేదా కుర్చీ కొత్తది.

జవాబు 3:
పాలిష్ గురించి ఒక మాట. చీకట్లో అల్ట్రావయొలెట్ లైటు వేయండి: లక్క పాలిష్ నారింజ రంగులో మెరుస్తుంది. లేత దీర్ఘచతురస్రం లోపలా బయటా ఒకే మెరుపు వస్తే బిళ్ల ఊడిన తర్వాత మళ్లీ పూత పడి ఉండొచ్చు. ఇక రంగు ముదరడానికి అమోనియా పొగ పట్టించిన ఓక్ అయితే బెరడు పక్క చెక్క లేతగానే మిగిలిపోతుంది, ఎందుకంటే దానిలో టానిన్ తక్కువ. పట్టీల అంచుల్లో అలాంటి లేత చార కోసం చూడండి. అయితే కొన్నిచోట్ల దాన్ని రంగుతో కప్పేసేవారు, కనుక చార లేకపోయినంత మాత్రాన ఏమీ తేలదు.

చివరికి ఆ కంపెనీల పాత కేటలాగ్ పునర్ముద్రణలతో కొలతలు పోల్చండి: ఎత్తు, వెడల్పు, లోతు, పట్టీల సంఖ్య, చేతి కింద ఆనుగా పెట్టిన కొయ్యల ఆకారం. వెడల్పూ లోతూ సరిపోయి ఎత్తు ఒక్కటే అంగుళం తగ్గితే నమూనా వేరనుకోకండి, కాళ్ల అడుగు కోశారేమో మొదట చూడండి. ముద్ర దొరకనంతవరకు అమ్మేటప్పుడు, బీమాకు రాసేటప్పుడు "ఎల్. అండ్ జె.జి. స్టిక్లీ పనిగా భావిస్తున్నది" అనే రాయండి. కాలి అడుగు ఫొటో జతచేస్తే తెలిసినవాళ్లకు అది చాలు.