సెరూలియన్‌ను ఎలా పలకాలి?

తిరుపతి నుంచి ప్రశ్న: మా పాప రంగుల డబ్బాలో ఒక గొట్టం మీద ‘సెరూలియన్ బ్లూ’ అని ఉంది. వాళ్ళ డ్రాయింగు టీచరు ‘సెరులియన్’ అంటారట, పాపేమో ‘కెరూలియన్’ అంటోంది. ఏది సరైనది? దాని పుట్టుక ఎక్కడ?

పలమనేరు నుంచి జవాబు: సి-రూ-లి-యన్ అండీ. నాలుగు అక్షరాలు, ఊనిక ‘రూ’ మీద. గురులఘువులు వేసి చూడండి: ‘సిరూలి’ జగణం, పైన ఒక గురువు. జగణంలో నడిమి గురువు దగ్గరే ఊనిక పడుతుంది. పాప ఛందస్సు చదివే తరగతిలో ఉంటే ఇలా చెప్పండి, ఇక మరిచిపోదు.

‘కె’ అన్నందుకు మాత్రం పాపను కోప్పడకండి. మూలం లాటిన్ ‘కైరులెఉస్’. రోమన్లు మొదట్లో కకారంతోనే పలికేవాళ్ళు. తర్వాత ఎ, ఇ లాంటి అచ్చుల ముందు క మెత్తబడింది, ఇంగ్లీషుకు వచ్చేసరికి స అయింది. మన సరిహద్దు ఊళ్ళవాళ్ళకు ఇది రోజూ వినబడే సంగతే. కన్నడం వాళ్ళు ‘కివి’ అంటారు, మనం ‘చెవి’ అంటాం, తమిళం మాట్లాడేవాళ్ళ నోట అదే ‘సెవి’. మూడూ ఒక్క మాటే. పాత క కన్నడంలో నిలిచింది, మన దగ్గర చ అయింది.

ఇక నాకు బాగా నచ్చిన ముచ్చట. లాటిన్‌లో ఆకాశం ‘కైలుమ్’, రంగు మాట దాని నుంచే పుట్టిందంటారు. మరి రంగు మాటలోకి ర ఎట్లా వచ్చింది? మొదట ‘కైలులెఉస్’ లాంటి రూపం ఉండి, రెండు లకారాలు పక్కపక్కన పడేసరికి నాలుక తిరగక మొదటిది ర అయిందని పండితుల ఊహ. ‘రలయోరభేదః’, అంటే ర, ల లకు భేదం లేదని మనవాళ్ళు అననే అన్నారు! నారికేళం, నాళికేరం చూడండి. అక్కడ ర, ళ చోట్లు మార్చుకున్నాయి, ఇక్కడ ఒకటే మారింది. అయినా రెండూ నాలుక చేసిన పనులే.

శ్రీకాళహస్తి నుంచి: మా కలంకారీ నీలాన్ని అలా పిలవచ్చా?

పలమనేరు నుంచి: వద్దండీ. మీది నీలిమందు, ముదురు నీలం. గొట్టంలోది కోబాల్టు, తగరం కలిసిన రంగు, 1860ల్లో ఇంగ్లాండులో చిత్రకారులకు అమ్మకానికి వచ్చింది. కొంచెం పచ్చదనం తగిలిన లేత నీలం. లాటిన్‌లో ఆ మాట ముదురు సముద్రపు రంగుకూ చెల్లేది, ఇంగ్లీషులో తేట ఆకాశం దగ్గర ఆగింది. నేనైతే తెలుగులో ‘ఆకాశనీలం’ అనే రాస్తాను.