32 అడుగుల పడవకు అవుట్‌బోర్డ్ ఇంజినా, ఇన్‌బోర్డ్ డీజిల్ ఇంజినా?

కళింగపట్నం తీరంలో మేము వేటకు వాడుతున్న మొదటి మోటారు పడవ 26 అడుగుల ఫైబర్ పడవ, దానికి 9.9 హార్స్‌పవర్ అవుట్‌బోర్డ్ ఇంజిన్ (పడవ వెనుక అంచుకు బయట తగిలించేది) ఉంది. వలలు, ఐసు, చేపల బరువుతో తిరిగి వస్తూ వంశధార మొగ (నది సముద్రంలో కలిసే చోటు) దాటేటప్పుడు, త్రాటిల్ పూర్తిగా తిప్పినా వెనుక వచ్చే కెరటం వేగాన్ని అందుకోలేక పడవ అడ్డం తిరుగుతోంది. అది ప్రాణాల మీదికి వచ్చే విషయం. ప్లగ్గులు మార్చాము, కార్బురేటర్ శుభ్రం చేయించాము, తక్కువ పిచ్ (ఒక చుట్టుకు ముందుకు సాగే దూరం) ఉన్న పంకా (ప్రొపెల్లర్) వేసి చూశాము. లాగుడు కాస్త పెరిగింది గానీ వేగం తగ్గింది.

అందువల్ల 32 అడుగుల పడవ తీసుకోదలచాము. పడవ లోపల బిగించే ఇన్‌బోర్డ్ డీజిల్ ఇంజిన్‌కు ఇంధన ఖర్చు తక్కువే కానీ, పడవను ఇసుక మీదికి లాగవలసిన మా ఒడ్డున, అవుట్‌బోర్డ్ లాగా పైకి ఎత్తడానికి వీలులేని దాని షాఫ్టు (పంకాను తిప్పే కడ్డీ), పంకా దెబ్బతింటాయని మా భయం. జెట్టీ లేని ఇసుక ఒడ్డున పడవ నడిపిన అనుభవం ఉన్నవారు, ఈ రెండింటిలో ఏది తీసుకోవాలో కారణంతో సహా చెప్పగలరా?