ఫ్రెంచ్ "అలే": ఒకే క్రియలో మూడు ధాతువులు

ఫ్రెంచ్‌లో వెళ్ళడాన్ని "అలే" అంటారు కదా, మరి "నేను వెళ్తున్నా"కి "జు వే" అనీ "వెళ్తాను"కి "జిరే" అనీ ఎందుకంటారు, వీటికి పొంతనేంటి అని అడిగారు. నిజంగానే లేదండీ, వేర్వేరు లాటిన్ క్రియలొచ్చి ఒక్క ఇంట్లో కాపురం పెట్టాయి.

లాటిన్‌లో అసలు మాట "ఈరే". దాని వర్తమాన రూపాలు ఎయో, ఈస్, ఇత్, ఇంత పొట్టివి జనం నోట్లో అరిగిపోతుంటే వాటి చోట్లోకి "వాదెరే" (ఇదీ వెళ్ళడమే) వచ్చి కూర్చుంది, ఆ వాదో, వాదిస్‌లే ఫ్రెంచ్‌లో వే, వా అయ్యాయి, స్పానిష్ వోయ్, ఇటాలియన్ వాదో కూడా అవే, ఇంగ్లీషు ఇన్వేడ్, ఎవేడ్‌లలో ఉన్నదీ ఇదే క్రియ. పాత ఈరే భవిష్యత్తులో మాత్రం బతికింది. "ఈరే హాబెయో", అంటే వెళ్ళాల్సి ఉంది, అదే కుదించుకుపోయి "ఇరే" అయింది (జు, ఇరే కలిస్తే జిరే), స్పానిష్‌లోనూ ఇరే యే.

చిక్కంతా "అలే" దగ్గరే. "అంబులారే" (నడవడం) నుంచి అని ఎక్కువమంది అంటారు, కానీ మధ్యలో "ంబు" ఎలా ఎగిరిపోయిందో మామూలు ధ్వని సూత్రాలతో తేలదు. కష్టమైన లాటిన్ మాటలకి వాడుక మాటల్లో అర్థాలిచ్చే 8వ శతాబ్దపు రైషెనౌ పదపట్టికలో అప్పటికే "అలారే" అని ఉంది. నాకూ అంబులారే వాదనే నచ్చుతుంది, రోజుకి వందసార్లు వాడే మాట సూత్రం దాటి అరగడం వింతేం కాదు. రొమేనియన్‌లో మాత్రం అది "ఉంబ్లా"గా శుభ్రంగా నిలబడింది.

ఇంకో సంగతి, ఆ ఈరేకి సంస్కృతం "ఇ" ధాతువు (ఏతి, వెళ్తాడు) తోబుట్టువు. ఉదయం, అయనం, అతీతం అన్నీ దాన్నించి వచ్చినవే, అంటే ఉత్తరాయణంలోని అయనానికీ ఫ్రెంచ్ "జిరే"కీ మూలం ఒకటే!

తెలుగులో ఇలాంటిది లేదా అంటే, "వస్తాను, రాను" చూడండి. చూడ్డానికి రెండు ధాతువులు, కానీ కావు. తమిళంలో వరు, వా, కన్నడంలో బరు, బా. ఆ "వర్"లో అచ్చూ రేఫా తారుమారై "వ్రా", తర్వాత వకారం పోయి మన "రా". తమిళ ఉరల్ మనకి రోలు అయిన దారే ఇదీ. కాబట్టి వ్యాకరణం పుస్తకంలో రెండూ ఒకేలా కనిపించినా ఫ్రెంచ్‌ది అతుకు, మనది ధ్వని మార్పు.