నీసు ముట్టని మా అత్తగారికి కోడి జబ్బు ఎలా వచ్చింది?

విజీనగరం కోడలు:
సిరిమాను పండక్కి ఆడపడుచు వాళ్లు పిల్లలతో వచ్చారు. మంగళవారం మూడు లాంతర్ల దగ్గర ఆ తోపులాటలోనే సిరిమాను చూసొచ్చాం, మర్నాడు బుధవారం రెండున్నర కేజీల చికెన్ తెచ్చి వండాను. శుక్రవారం సాయంత్రం అందరూ బండి మీద మిర్చి బజ్జీలు తిన్నారు. శనివారం తెల్లారేసరికి మా ఏడేళ్ల బాబుకి 102 జ్వరం, కడుపులో మెలిపెట్టే నొప్పి, మధ్యాహ్నం నుంచి మోషన్స్, రాత్రికి వాటిలో రక్తం, బంక. ఆదివారం మా అత్తగారికీ అదే వరస. బాబుకి అపెండిక్స్ ఏమోనని స్కాన్ తీశారు, ఏం లేదు. మోషన్ శాంపిల్ వైజాగ్ పంపితే పీసీఆర్‌లో (సూక్ష్మజీవి జన్యువుని పట్టే పరీక్ష) క్యాంపిలోబ్యాక్టర్ అనే బ్యాక్టీరియా అని వచ్చింది. ఎక్కువగా కోళ్ల నుంచి వస్తుందని చెప్పి డాక్టరుగారు అజిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ రాశారు, ఇప్పుడు ఇద్దరూ లేచి తిరుగుతున్నారు.

నాకు అర్థంకానిది ఒకటే. అత్తగారు నీసు మానేసి పదేళ్లయింది, ఆవిడ గిన్నెలు కూడా వేరు. పట్టుపట్టి తిన్న మా ఆయనకేమో ఏమీ కాలేదు! ఆయన మాత్రం ఇదంతా బజ్జీల వల్లే అని ఆ బండి అబ్బాయిని నోటికొచ్చినట్టు తిడుతున్నారు.

ల్యాబ్ బావు, శ్రీకాకుళం:
పాపం ఆ అబ్బాయిని వదిలేయమనండి. సలసల కాగే నూనెలో వేగిన బజ్జీలో ఇది బతకదు. రోజులు లెక్కపెట్టండి, బుధవారం నుంచి శనివారానికి మూడు, ఆదివారానికి నాలుగు. ఈ బ్యాక్టీరియా లోపలికెళ్లాక మామూలుగా 2 నుంచి 5 రోజులకి బయటపడుతుంది, ఒక్కోసారి పది రోజులు కూడా పట్టొచ్చు. మనమేమో కడుపు చెడగానే నిన్న ఏం తిన్నామా అని వెతుక్కుంటాం, అసలు దొంగ అప్పటికే వీధి దాటేసి ఉంటాడు.

కోడి ఒంటి వేడి దాదాపు 42 డిగ్రీలు, దీనికి అదే హాయి. కోడికి జబ్బు లక్షణాలేవీ కనిపించవు, పేగుల్లో మోస్తుంటుంది, కోసేటప్పుడు మాంసానికి అంటుకుంటుంది. ల్యాబ్‌లో పెంచాలన్నా 42 డిగ్రీల వేడి, తక్కువ ఆక్సిజన్, ప్రత్యేకమైన మీడియా (అది తిని పెరిగే పదార్థం), 48 గంటలు ఉండాలి. అందుకే మామూలు కల్చర్‌లో, అంటే ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్షలో, దొరకదు, మీ వాళ్లు పీసీఆర్ పంపడం మంచిదైంది.

సరే గానీ, ఆ రోజు చికెన్ దేనిమీద కోశారు? తర్వాత దానిమీద ఇంకేం తరిగారు?

విజీనగరం కోడలు:
అయ్య బాబోయ్. షాపతను ముక్కలు పెద్దవి కొట్టాడని ఇంట్లో కత్తిపీట మీద మళ్లీ చిన్నవి చేశాను. కుళాయి కింద ఒకసారి తిప్పి, దానిమీదే ఉల్లిపాయలు, కీరా తరిగి పెరుగు పచ్చడి కలిపాను. అత్తగారు అన్నంలో వేసుకున్నది అదే. బాబు నా పక్కనే కూర్చుని, నేను తరుగుతుంటే కీరా ముక్కలు ఏరుకు తిన్నాడు. మా ఆయన పెరుగు పచ్చడి ముట్టరు!

ల్యాబ్ బావు, శ్రీకాకుళం:
ఇంకేం, దొరికింది. 30 డిగ్రీల లోపు ఇది పెరగదు, అంటే కీరా మీద పెరిగిందనుకోనక్కర్లేదు, అంటుకున్నదే చాలు. కొన్ని వందల కణాలు లోపలికెళ్లినా జబ్బు చేయగలదు, ఒక చుక్క కోడి నీళ్లలో అంతకంటే ఎక్కువే ఉండొచ్చు. మీ కూర బాగా ఉడికింది కాబట్టి అందులో చచ్చిపోయి ఉంటుంది.

ఆమదాలవలస పెద్దాయన:
మా ఇంట్లో ఉప్పు, పసుపు వేసి నాలుగు నీళ్లు కడుగుతాం, అదీ నాటుకోడే. డెబ్బై ఏళ్లొచ్చాయి, ఏమీ కాలేదు. అంతా ఫారం కోళ్ల గొడవ బాబూ.

ల్యాబ్ బావు, శ్రీకాకుళం:
తాతగారూ, నాటుకోడిలోనూ ఉంటుంది. ఉప్పూ పసుపూ వాసన తీస్తాయి గానీ దీన్ని చంపవు. కుళాయి ధారగా వదిలి కడిగితే ఆ తుంపరలు పక్కనున్న కొత్తిమీర మీదా, బోర్లించిన కంచాల మీదా పడతాయి. కడగొద్దంటే మన ఇళ్లలో వినేదెవరు, మా అమ్మే వినదు. కనీసం గిన్నెలో నీళ్లు పోసి నెమ్మదిగా కడిగి, తర్వాత సింకు, కత్తిపీట, చేతులు సబ్బుతో తోమండి. కూరగాయలు ముందే తరిగేసుకుంటే గొడవే లేదు. ఫ్రిజ్‌లో గడ్డకట్టించినా కొన్ని తగ్గుతాయి గానీ మొత్తం చావవు. పచ్చిపాలతోనూ వస్తుంది, కాచకుండా తాగొద్దు.

పాలకొండ రోడ్డు:
ఒక మాట. రక్తం పడుతున్నప్పుడు మోషన్స్ ఆపే మాత్ర షాపులో కొని వేసుకోకండి. సిప్రోఫ్లోక్సాసిన్ అనే యాంటీబయాటిక్ కూడా సొంతంగా వద్దు, ఈ బ్యాక్టీరియా చాలాచోట్ల దానికి లొంగడం మానేసింది. చాలామందికి ఓఆర్ఎస్ తాగుతుంటే వారంలో దానంతటదే తగ్గుతుంది.

మా బావగారికి రెండేళ్ల క్రితం మోషన్స్ తగ్గిన రెండు వారాలకి పాదాలు తిమ్మిరెక్కాయి, మర్నాడు మంచం మీంచి లేవలేకపోయాడు. గిలియన్ బరే అన్నారు, ఒంట్లోని రోగనిరోధక శక్తే నరాలను దెబ్బతీసే జబ్బు. ఆయనకి ఏ సూక్ష్మజీవి వల్లో పరీక్ష చేయలేదు గానీ, క్యాంపిలోబ్యాక్టర్ తర్వాత సుమారు వెయ్యిమందిలో ఒకరికి అలా వస్తుందట. టెన్షన్ పడకండి, కాకపోతే కొన్ని వారాలు బాబునీ అత్తగారినీ గమనించండి. కాళ్లలో బలం తగ్గితే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి.

విజీనగరం కోడలు:
ఇద్దరూ బాగానే నడుస్తున్నారండి, బాబు అయితే గోడలెక్కుతున్నాడు. నీసుకి వేరే కత్తిపీట కొన్నాను, హ్యాండిల్‌కి ఎర్ర దారం కట్టాను. మా ఆయన నిన్న సాయంత్రం బజ్జీల బండి దగ్గరే కనిపించారట. అత్తగారికి మాత్రం ఇంకా చెప్పలేదు. పదేళ్ల నియమం నా కత్తిపీట మీద పోయిందని ఎలా చెప్పమంటారు?

ఆమదాలవలస పెద్దాయన:
చెప్పకమ్మా. బజ్జీలే అనుకోనీ.