కోరంగి మడ అడవుల్లో స్టింగ్‌రే: ఫ్యాన్ ఫిక్షన్‌కి సలహాలు కావాలి

లంకగాలి:
మార్వెల్ కామిక్స్‌లోని స్టింగ్‌రే మీద తెలుగులో ఫ్యాన్ ఫిక్షన్ (అభిమాని సొంతంగా అల్లుకునే కథ) రాస్తున్నానండి. అసలు పేరు వాల్టర్ న్యూవెల్, సముద్ర శాస్త్రవేత్త. పుట్టుకతో వచ్చిన శక్తులేవీ లేవు, ఉన్నదంతా తను తయారుచేసుకున్న సూటే. కామిక్స్ బాగా చదివేవాళ్లలో కూడా చాలామందికి ఇతను తెలియడు. కథ 1986 ఆగస్టు గోదావరి వరదల్లో, యానాం నుంచి కోరంగి మడ అడవుల దాకా నడుస్తుంది. విలన్ టైగర్ షార్క్. నాలుగు భాగాలు, మొత్తం 8,000 మాటలు అనుకుంటున్నాను.

పాత సంచికల్లో ఇతని గురించి దొరికేది తక్కువ. ఎంతవరకు కల్పించుకోవచ్చు? తెలియని హీరోని చరిత్ర పాఠంలా కాకుండా ఎలా పరిచయం చేయాలి? చివరి పోరాటంలో వరద నీళ్లలోనే చేతి తొడుగుల నుంచి కరెంటు వదులుతాడు, పక్కనే జాలర్ల పడవలుంటాయి. అది నమ్మేలా ఉంటుందా? పూర్తయ్యాక ఎక్కడ పెడితే మంచిది?

పాతసంచిక:
ముందు సంచికల లెక్క తేల్చుకోండి. న్యూవెల్ మామూలు మనిషిగా మొదట కనిపించింది 1967లో, టేల్స్ టు ఆస్టోనిష్ 95లో. సూటు వేసుకుని స్టింగ్‌రేగా వచ్చింది 1969లో, సబ్‌మెరైనర్ 19లో. 1980ల చివర్లో అవెంజర్స్ హైడ్రోబేస్ దీవి మీద మకాం పెట్టిన రోజుల్లో మళ్లీ కనిపిస్తాడు. 2016 ప్రాంతంలో డెడ్‌పూల్ కిరాయి బృందంలో ఉంటాడు. ఈ మూడు దశల్లోనూ మనిషి తీరు ఒకటి కాదు. ఏ సంచిక దాకా జరిగింది మీ కథకి వర్తిస్తుందో ఒక గీత గీసుకుని, ఆ సంచిక పేరు కథ పైన రాసేయండి. ఆ గీత లేకపోతే రెండో భాగానికల్లా "ఇతనికి ఇది ముందే తెలుసు కదా" అన్న కామెంట్లు మొదలవుతాయి.

తర్వాత ఒక పేజీ పట్టిక వేసుకోండి. సంచిక, అందులో సూటు చేసిన పని, చేయలేకపోయిన పని, ఎవరితో ఏ బంధం. చేయలేకపోయిన పనుల గడి అన్నిటికంటే విలువైనది. సూటు కృత్రిమ మృదులాస్థితో చేసింది, నీళ్లలో ఊపిరి ఆడనిస్తుంది, లోతు ఒత్తిడి తట్టుకుంటుంది, రెక్కలతో గాలిలో కొంతదూరం జారగలడు, చేతుల నుంచి కరెంటు వదలగలడు. అంతే. సబ్‌మెరైనర్ హీరో నేమోర్‌తో సమానంగా బలం పెంచారంటే హీరో పోతాడు, సూటు మిగులుతుంది. కామిక్స్‌లో ఖాళీగా వదిలిన చోట కల్పించండి. అంటే చిన్నతనం, ప్రయోగశాల అలవాట్లు, భార్యతో మాటలు. కామిక్స్ ఒకసారి తేల్చేసిన చోట మాత్రం చేయి పెట్టకండి.

టైగర్ షార్క్‌ని ఎంచుకున్నారు కాబట్టి మీ కథకి అసలు బలం అక్కడే ఉంది. టాడ్ ఆర్లిస్ ఒలింపిక్ ఈతగాడు. డాక్టర్ డోర్కస్ ప్రయోగంతో అలా మారాడు, 1968లో సబ్‌మెరైనర్ 5లో. అతని చెల్లెలు డయేన్‌ని న్యూవెల్ పెళ్లి చేసుకున్నాడు. బావమరిది బతుకు కోరతాడని మన సామెత, ఇక్కడ పీక మీదికి వచ్చేది ఆ బావమరిదే. తెలుగు పాఠకుడికి మృదులాస్థి గురించి చెప్పక్కర్లేదు, ఈ చుట్టరికం ఒక్క వాక్యంలో ఎక్కుతుంది. కాబట్టి మొదటి 300 మాటల్లో మూడే చెప్పండి: ఇతనెవరు, సూటు ఏం చేయగలదు, ఏం చేయలేదు. మూడూ పని చేస్తుండగానే తెలియాలి. వరదలో కొట్టుకొస్తున్న తాటి మొద్దు రెక్కకి తగిలి అతను వంకరగా మునిగితే, రెక్క ఉందని, అది అడ్డమొస్తుందని ఒకేసారి అర్థమవుతుంది. హైడ్రోబేస్, అవెంజర్స్ సంగతులు రెండో భాగం దాకా ఎత్తకండి.

పేరున్న హీరోలని అతిథులుగా పిలవొద్దు. స్పైడర్‌మ్యాన్ ఒక్క పేజీ వచ్చినా కామెంట్లన్నీ అతని మీదే ఉంటాయి.

మొగదారి:
కరెంటు సంగతి నేను చెప్తాను, మీ కథ మొత్తం దాని మీదే తిరగగలదు.

సముద్రపు నీరు నది నీటికంటే వంద రెట్లకు పైగా బాగా విద్యుత్తుని మోస్తుంది. ఉప్పునీళ్లలో కరెంటు వదిలితే అది చుట్టూ పరుచుకుపోతుంది. మనిషి ఒంటికంటే ఆ నీరే మంచి దారి కాబట్టి ఎక్కువ భాగం మనిషి పక్కనుంచి పోతుంది. మంచినీళ్లలో తిరగబడుతుంది. నీటికంటే మనిషి ఒళ్లే మంచి దారి అవుతుంది, కరెంటు ఒంట్లోంచే వెళ్తుంది. అందుకే మంచినీటి రేవుల్లో కరెంటు వైరు తెగి పడితే ఈతగాళ్లకి అంత ప్రమాదం.

ఇప్పుడు మీ కథ నడిచే గోదావరి పాయ గౌతమికి రండి. ఏప్రిల్, మే నెలల్లో ధవళేశ్వరం ఆనకట్ట నుంచి కిందికి నీరు దాదాపు రాదు. ఉప్పునీరు పాయల్లో పైదాకా ఎక్కుతుంది. ఆగస్టు వరదలో మొగ (నది సముద్రంలో కలిసే చోటు) దగ్గర కూడా పైనీరు ఎర్రటి మంచినీరే. అంటే మీ స్టింగ్‌రే సముద్రంలో అలవాటుపడ్డ కొలతతో కోరంగిలో కరెంటు వదిలితే, టైగర్ షార్క్‌తో పాటు పడవ పక్కన నీళ్లలోకి దిగిన జాలరి కూడా పోతాడు. సముద్ర శాస్త్రవేత్తకి ఇది తెలియకుండా ఉండదు. కాబట్టి అతను కరెంటు వదలడు, వదలలేడు. మీ చివరి పోరాటం ఆ నిస్సహాయతే కావాలి.

వరద నీళ్లలో చూపు సున్నా. మూరెడు దూరంలో చేయి కనపడదు, "నీళ్లలోంచి అతన్ని చూశాడు" లాంటి వాక్యాలన్నీ కొట్టేయండి. వినపడటం, తగలటం మీద రాయండి. గుర్రపుడెక్క దిబ్బలు, వేళ్లతో సహా కొట్టుకొచ్చే చెట్లు, కాలువ మూతికి అడ్డంగా కట్టిన వలలు, ఇవన్నీ రెక్కలకి శత్రువులే. మడ అడవిలోకి వెళ్తే బురదలోంచి పైకి పొడుచుకొచ్చిన శ్వాస వేళ్ల మధ్య రెక్కలు చాచి ఈదడం కుదరదు, ముడుచుకుని పాకాలి. తిల్ల చెట్టు కొమ్మ విరిగితే కారే పాలు కంట్లో పడితే కళ్లు మండి కొంతసేపు కనపడదు. టైగర్ షార్క్ ముసుగుకి కళ్లు తెరిచే ఉంటే అది మీకు పనికొస్తుంది.

పోటు, పాటు (సముద్రపు నీరు ఎక్కడం, దిగడం) రోజుకి రెండేసి సార్లు వస్తాయి, ప్రతి రోజూ సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా. అమావాస్య, పౌర్ణమి పోటు పెద్దది. పోరాటం ఏ తిథిన, ఏ గంటకో ముందే రాసుకోండి. వరద మీద పెద్ద పోటు వచ్చి పడితే నీరు దిగడానికి దారి ఉండదు, లంకలు మునిగేది అప్పుడే.

లంకగాలి:
ఇది చాలా ఉపయోగం అండి. మరి పోరాటాన్ని కాస్త సముద్రంలోకి జరిపి, ఉప్పునీళ్లలో కరెంటు వదిలించనా?

మొగదారి:
జరపొద్దు. జరిపితే కథ సులువైపోతుంది, ఊరు వెనకబడిపోతుంది. కావాలంటే బావమరిదిని అతనే మొగ దాటించి బయటికి లాక్కెళ్లాలని మూడో భాగం నుంచీ ప్రయత్నించనివ్వండి. ఎంత దూరం లాగగలడన్నది ఉత్కంఠ. వరద ప్రవాహం సముద్రం వైపే తోస్తుంది కాబట్టి పాటు మొదలైన గంటలో అతనికి సాయం, పోటు తిరిగిన గంటలో ఎదురు.

గట్టుమీద:
1986 గురించి నాకు అభ్యంతరం ఉంది. ఆ ఆగస్టులో భద్రాచలం దగ్గర నీటిమట్టం 75.6 అడుగులకి వెళ్లింది, ధవళేశ్వరం నుంచి 35 లక్షల క్యూసెక్కులకు పైగా కిందికి పోయింది. ఇళ్లు, మనుషులు పోయిన వరద అది, చూసినవాళ్లు ఇంకా ఉన్నారు. దాన్ని ఒక విలన్ చేసిన పనిగా మాత్రం రాయకండి, దయచేసి. వరద వరదలాగే రావాలి, టైగర్ షార్క్ అందులోకి రావాలి.

రెండో ఇబ్బంది మార్వెల్ కాలం. వాళ్ల పాత్రలకి వయసు మనలా పెరగదు, సంఘటనల తేదీలు ముందుకి జరుగుతూ ఉంటాయి. 1986 అని అంకె వేస్తే 2016 నాటి డెడ్‌పూల్ బృందంతో లెక్క కుదరదు. పాతసంచిక గారు చెప్పిన గీత 1980ల దగ్గర గీయండి, లేదా సంవత్సరం చెప్పకుండా మూడో ప్రమాద హెచ్చరిక ఎగరేశారని రాయండి. ధవళేశ్వరంలో అది 17.75 అడుగులు, ఇక్కడివాళ్లకి ఆ మాట చాలు.

సంవత్సరం ఉంచుతారంటే ఇవి చూసుకోండి. యానాం, ఎదుర్లంక మధ్య వంతెన అప్పటికి లేదు, పంటు మీదే దాటాలి. కోనసీమ జిల్లా 2022లో వచ్చింది, అప్పుడు అంతా తూర్పు గోదావరే. కోరంగి అభయారణ్యం 1978 నుంచీ ఉంది కాబట్టి అటవీశాఖ మనిషి కథలో ఉండొచ్చు. యానాం పుదుచ్చేరి కిందికి వస్తుంది. ఏరు దాటితే పోలీసులు మారిపోతారు, దాన్ని వాడుకోండి. న్యూవెల్ చేత గడగడా తెలుగు మాట్లాడించకండి, పక్కన ఇంగ్లిష్ వచ్చిన కుర్రాణ్ణి ఒకణ్ణి పెట్టండి. జాలర్ల చేత వాక్యానికో "ఆయ్" అనిపించినా చెడుతుంది.

పాతసంచిక:
ఎక్కడ పెట్టాలన్నది మిగిలిపోయింది. ఆర్కైవ్ ఆఫ్ అవర్ ఓన్ మంచిది. ఇది లాభాపేక్ష లేని సంస్థ నడిపే ఫ్యాన్ ఫిక్షన్ సైటు, పాత్ర పేరుతో వెతికే వీలుంటుంది. తెలియని హీరోకి పాఠకులు వచ్చేది ఆ టాగుల దారినే, కాబట్టి వాల్టర్ న్యూవెల్, టాడ్ ఆర్లిస్, డయేన్ పేర్లు ఇంగ్లిష్ అక్షరాల్లో కూడా పెట్టండి. భాష తెలుగు అని ఎంచుకోండి. కథ కింద డబ్బు అడిగే లింకు గానీ, ఫోన్‌పే నంబరు గానీ పెట్టకూడదు, వాళ్ల నియమాలకి విరుద్ధం. మన 1957 కాపీరైట్ చట్టంలోనూ ఫ్యాన్ ఫిక్షన్‌కి విడిగా మినహాయింపు ఏమీ లేదు, కాబట్టి ఎక్కడా అమ్మకానికి పెట్టకండి. కామిక్ బొమ్మ కవరుగా వాడకండి, మడ అడవి ఫొటో మీరే తీసి పెట్టుకోండి.

నాలుగు భాగాలూ పూర్తయ్యాకే మొదటిది ఎక్కించి, తర్వాత వారానికొకటి వదలండి. అంతకంటే ముందు ఇద్దరి చేత చదివించండి. ఒకరు స్టింగ్‌రే సంచికలు చదివినవాళ్లు, ఇంకొకరు కామిక్స్ పేరే ఎత్తనివాళ్లు. రెండో మనిషి మొదటి పేజీలో ఎక్కడ ఆగి "ఎవరితను?" అని అడిగితే, అక్కడ తిరగరాయండి.