అప్‌డేట్: జిగ్బీ సెన్సార్లు తరచూ డిస్‌కనెక్ట్ అయ్యే సమస్య తీరింది

మా స్మార్ట్ హోమ్‌లో వైఫై ప్లగ్గులు, జెడ్-వేవ్ తాళం బాగానే ఉన్నా జిగ్బీ సెన్సార్లు (జెడ్-వేవ్, జిగ్బీ రెండూ స్మార్ట్ హోమ్ పరికరాలు వాడే వైర్‌లెస్ పద్ధతులు) మాత్రం రోజూ రెండు మూడు ‘అన్‌అవైలబుల్’ అవుతున్నాయని పోయిన నెల అడిగాను. సలహా ఇచ్చిన అందరికీ థ్యాంక్స్.

వాటిలో పనిచేసింది యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ కేబులే. ఇంతకుముందు జిగ్బీ డాంగుల్‌ని (సెన్సార్ల సిగ్నల్ అందుకునే యూఎస్‌బీ స్టిక్) నేరుగా యూఎస్‌బీ 3.0 పోర్టుకే గుచ్చాను, పక్క పోర్టులో ఎస్‌ఎస్‌డీ (స్టోరేజ్ డ్రైవ్). యూఎస్‌బీ 3.0 పోర్టు, ఎస్‌ఎస్‌డీల నుంచి పుట్టే రేడియో నాయిస్ జిగ్బీ వాడే 2.4 గిగాహెర్ట్జ్ మీదే పడుతుంది. మీటరున్నర కేబుల్‌తో యూఎస్‌బీ 2.0 పోర్టుకి మార్చి, డాంగుల్‌ని అల్మరా పైకి ఎక్కించాను. వంటింటి తలుపు సెన్సార్ ఎల్‌క్యూఐ (సిగ్నల్ నాణ్యత చెప్పే అంకె, ఎక్కువుంటే మంచిది) 30 నుంచి 140కి పెరిగింది! తాళానికి ఏమీ కాకపోవడానికి కారణం కూడా ఇప్పుడు తెలిసింది: ఇండియాలో జెడ్-వేవ్ నడిచేది 865 మెగాహెర్ట్జ్‌లో.

బ్యాటరీలు మార్చడం, మళ్లీ మళ్లీ పెయిర్ చేయడం అనవసరం. వైఫై రౌటర్ ఛానెల్ మార్చినా తేడా రాలేదు. పన్నెండు రోజులైంది, ఒక్క సెన్సారూ పోలేదు.