కేటీఎం 390 ఇంజిన్‌తో నడిచే ఫార్ములా స్టూడెంట్ కారుకు కొత్త వైరింగ్ హార్నెస్: ఖర్చు ఎక్కడ పెట్టాలి?

ప్రశ్న – వైర్ల_విద్యార్థి

నమస్కారం. కోయంబత్తూరు కరి మోటార్ స్పీడ్‌వేలో జరిగే ఫార్ములా భారత్ (విద్యార్థులు తయారుచేసిన రేసు కార్ల పోటీ) కోసం మా కళాశాల జట్టు కారు సిద్ధం చేస్తోంది. ఇప్పుడున్న హార్నెస్ (కారులోని వైర్ల కట్ట) మా సీనియర్లు మామూలు పీవీసీ వైరుతో కట్టి, పైన ఇన్సులేషన్ టేపు చుట్టినది. 7,000 ఆర్‌పీఎం దాటిన తరువాత ఇంజిన్ తడబడుతోంది. ఈసీయూ (ఇంజిన్‌ను నియంత్రించే కంప్యూటర్) లాగ్ తెరిచి చూస్తే సరిగ్గా ఆ క్షణాల్లోనే క్రాంక్ సెన్సర్ (క్రాంక్ షాఫ్టుతో తిరిగే పళ్ల చక్రాన్ని గమనించేది) సింక్, అంటే ఆ పళ్ల లెక్క, పోయినట్టు నమోదవుతోంది. పాతదాన్ని పూర్తిగా తీసేసి టెఫ్‌జెల్ వైరు (వేడిని తట్టుకునే పూత ఉన్నది), డీఆర్-25 హీట్ ష్రింక్ (వేడి చేస్తే బిగుసుకునే గొట్టం), రేసు కార్లలో వాడే ఆటోస్పోర్ట్ కనెక్టర్లతో, పొరలు పొరలుగా మెలితిప్పే కాన్సెంట్రిక్ పద్ధతిలో కొత్తది కట్టాలని కొందరం అంటున్నాము. బడ్జెట్ చూసే మిత్రులు అంత అవసరమా అంటున్నారు. అనుభవజ్ఞులు సలహా ఇవ్వగలరు.

జవాబు – డైనో_గది

హార్నెస్ మార్చడం మంచిదే కాని, సింక్ పోవడానికి కారణం కనిపెట్టకుండా మారిస్తే అదే జబ్బు కొత్త వైర్లలోకీ వస్తుంది. మీ ఇంజిన్‌లోని క్రాంక్ సెన్సర్ అయస్కాంతం, తీగచుట్టతో పనిచేసే రకం. దాని రెండు వైర్లు తారుమారైనా ఇంజిన్ స్టార్ట్ అవుతుంది, ఐడిల్‌లో కూడా నిలబడుతుంది. వేగం పెరిగే కొద్దీ మాత్రం ఈసీయూ పంటిని గుర్తించే చోటు జరిగిపోయి, చివరికి లెక్క తప్పుతుంది. ఆసిలోస్కోపు ఉంటే తరంగ రూపాన్ని చూసి ముందు ఈ విషయం తేల్చుకోండి. ఆ తరువాత షీల్డు (వైర్ల చుట్టూ ఉండే లోహపు తొడుగు) చూడండి. సెన్సర్ నుంచి ఈసీయూ వరకు రెండు వైర్లూ ఒకదానితో ఒకటి మెలితిరిగి, షీల్డు లోపల ఉండాలి. ఆ షీల్డును ఈసీయూ వైపు మాత్రమే ఎర్త్‌కు కలపాలి. రెండు చివరలా కలిపితే ఎర్త్‌లో తిరిగే కరెంటు షీల్డు మీదుగా కూడా పారుతుంది. ఇగ్నిషన్ కాయిల్ వైరు సెన్సర్ వైరు పక్కనే కట్టలో ఉందేమో, స్పార్క్ ప్లగ్ రెసిస్టర్ ఉన్న రకమేనా అన్నవి కూడా చూడండి. ఇవన్నీ పాత హార్నెస్ మీదే ఒక సాయంత్రంలో పరీక్షించవచ్చు.

జవాబు – క్రింపు_మేస్త్రి

పై మిత్రుడు చెప్పినదానితో ఏకీభవిస్తాను. ఇక ఖర్చు సంగతి. నన్నడిగితే డబ్బు మొదట క్రింపింగ్ టూలుకు (వైరు చివర పిన్నును నొక్కి బిగించే పనిముట్టు), తరువాత వైరుకు, ఆ తరువాత కనెక్టర్లకు వెళ్లాలి. కాన్సెంట్రిక్ మెలిక అన్నిటికంటే చివరిది. మధ్యలో 1, దాని చుట్టూ 6, ఆపై 12 వైర్లు, ఒక్కో పొర కింది పొరకు ఎదురు దిశలో తిప్పే ఆ పద్ధతి వల్ల కట్ట సులువుగా వంగుతుంది, వంపుల దగ్గర ఏ ఒక్క వైరు మీదా లాగుడు పడదు. కాదనను. అయితే మొదటిసారి కట్టేవారు కొలతల్లో పొరబడితే మధ్య వైరు ఒక్కటి మార్చాలన్నా మొత్తం విప్పాలి. ఒక సీజన్‌లోనే సెన్సర్లు మార్చే విద్యార్థి జట్టుకు మెలితిప్పని, చక్కగా దారి చూపి బిగించిన కట్ట చాలు.

వైరు విషయంలో మాత్రం వెనక్కి తగ్గవద్దు. ఎం22759/16 రకం టెఫ్‌జెల్ వైరు 150 డిగ్రీల వరకు తట్టుకుంటుంది, దాని పూత పలుచన. ఎగ్జాస్ట్‌కు దగ్గరగా వెళ్లే చోట పీవీసీ మెత్తబడి రాపిడికి లొంగిపోతుంది. కనెక్టర్లకు ఆటోస్పోర్ట్ అక్కరలేదు. సెన్సర్లకు డాయిచ్ (Deutsch) కంపెనీ డీటీఎం రకం, పంపు, ఫ్యాన్ వంటివాటికి డీటీ తీసుకోండి. డీటీఎం పిన్ను 7.5 ఆంపియర్లకు, డీటీ పిన్ను 13 ఆంపియర్లకు ఉద్దేశించినవి.

గేజ్‌ను (వైరు మందం; అంకె పెరిగితే వైరు సన్నం) ఊహతో ఎంచుకోకండి. ఇంధన పంపు 6 ఆంపియర్లు తీసుకుంటుందని, రానుపోను వైరు 4 మీటర్లని అనుకోండి. 22 గేజ్ వైరులో దాదాపు 1.3 వోల్టులు దారిలోనే పోతాయి; 16 గేజ్‌లో 0.3 వోల్టు మాత్రమే. పంపుకు వోల్టేజీ చాలక ఇంధనం తగ్గితే వచ్చే లీన్ మిక్స్చర్‌కు (గాలి ఎక్కువ, ఇంధనం తక్కువ) కారణం ఇంజెక్టర్‌లో వెతుకుతూ కూర్చునే జట్లకు ఈ లెక్క ఎవరూ చెప్పరు.

ప్రశ్నించినవారి స్పందన – వైర్ల_విద్యార్థి

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఆసిలోస్కోపులో చూశాము, సెన్సర్ వైర్లు సరిగ్గానే ఉన్నాయి. షీల్డు మాత్రం ఇంజిన్ వైపు కూడా ఒక బోల్టు కింద బిగించి ఉంది. దాన్ని విడదీశాక సింక్ పోవడం బాగా తగ్గింది, పూర్తిగా ఆగలేదు. కాయిల్ వైరును వేరే దారిలో వేయబోతున్నాము. ఒక సందేహం: క్రింపు చేశాక పిన్నుకు కొంచెం సోల్డర్ కూడా పెడితే ఇంకా గట్టిగా ఉంటుంది కదా?

జవాబు – క్రింపు_మేస్త్రి

పెట్టకండి. కరిగిన సోల్డర్ వైరు పోగుల మధ్య పైకి పాకి, ఇన్సులేషన్ లోపల కొంత దూరం వరకు గట్టిపడుతుంది. ఆ గట్టి భాగం ముగిసే చోట కంపనమంతా కేంద్రీకరించి వైరు తెగుతుంది; పైన ఇన్సులేషన్ చెక్కుచెదరకుండా ఉంటుంది కనుక తెగినట్టు కంటికి కనిపించదు. ఒక్క సిలిండర్ ఇంజిన్‌కు కంపనం ఎంతో మీకు వేరే చెప్పనక్కరలేదు. ప్రతి గేజ్‌కు ముందుగా కొన్ని నమూనా క్రింపులు చేసి లాగి చూడండి: పిన్నులోంచి వైరు జారి వస్తే టూల్ సెట్టింగ్ తప్పు, వైరే తెగితే సరైనది.

జవాబు – షట్‌డౌన్_సర్క్యూట్

మరో రెండు మాటలు. మీ షట్‌డౌన్ సర్క్యూట్‌లో (ప్రమాదంలో ఇంజిన్‌ను ఆపేది) మాస్టర్ స్విచ్, ఎరుపు బటన్లు, ఇనర్షియా స్విచ్ (కారు గుద్దుకుంటే తెరుచుకునేది), బ్రేక్ ఓవర్‌ట్రావెల్ స్విచ్ (బ్రేక్ పెడల్ మరీ లోపలికి పోతే తెరుచుకునేది) అన్నీ వరుసగా ఉంటాయి; పంపు, ఇగ్నిషన్, ఇంజెక్టర్లకు వెళ్లే కరెంటు వాటి మీదే ఆధారపడుతుంది. ఒక్కో స్విచ్ తరువాత ఒక సన్న వైరును, మొదట్లోనే చిన్న ఫ్యూజ్ పెట్టి, ఒకే టెస్ట్ కనెక్టర్‌కు తీసుకురండి. ట్రాక్ పక్కన కారు స్టార్ట్ కాకపోతే బాడీ ప్యానెళ్లు విప్పకుండానే ఎక్కడ తెగిందో మల్టీమీటర్‌తో తెలిసిపోతుంది. క్యాన్ డాష్ (క్యాన్ అనే రెండు వైర్ల డేటా లైనుతో పనిచేసే డాష్‌బోర్డు తెర) పెడుతున్నట్లయితే ఆ లైను రెండు చివరలా 120 ఓమ్‌ల రెసిస్టర్ ఉండాలి. కరెంటు ఆపి రెండు క్యాన్ వైర్ల మధ్య కొలిస్తే 60 ఓమ్‌లు రావాలి. 120 వస్తే ఒక చివర రెసిస్టర్ లేదనో, దారిలో వైరు తెగిందనో అర్థం. ఖాళీగా వదిలే పిన్ను రంధ్రాలకు సీలింగ్ ప్లగ్గులు కూడా ఇప్పుడే తెప్పించుకోండి, అవి లేకపోతే కారు కడిగినప్పుడు కనెక్టర్‌లోకి నీళ్లు చేరతాయి.